చొప్పకు కావలి

బూడిద సరిపోలేదు.

శివకుమారి షెడ్డు మధ్యలో నిలబడి చెప్పు మొనతో నేలను గీకింది. వేలెడు మందం కూడా లేదు. కింద నల్లరేగడి మట్టి మామూలుగానే ఉంది. కాలి ఎర్రబడనైనా లేదు. ఎర్రమిట్టపల్లె శివారులోని ఈ రేకుల షెడ్డులో రెండు వందల ట్రాక్టర్ల జొన్న చొప్ప తగలబడిపోయిందని దాని యజమాని భూపేష్ రెడ్డి బీమా కంపెనీకి రాసిచ్చాడు. కావలి మనిషి మదార్ సాహెబ్ కూడా ఆ మంటల్లోనే పోయాడు. అర్జీలో ఆ సంగతి చివరి వాక్యంగా ఉంది.

చాలా ఏళ్లు ఎస్సైగా చేసి, ఆ ఉద్యోగం మానుకుని, ఇప్పుడు కర్నూలులో బీమా కంపెనీల తరఫున విచారణలు చేస్తున్న శివకుమారికి ఆ వాక్యం నచ్చలేదు. అందుకే కాగితాల మీద తేల్చేయకుండా కోయిలకుంట్ల మీదుగా ఇంత దూరం వచ్చింది.

"భూపేష్ గారూ, లోపలికి రండి."

భూపేష్ రెడ్డి గేటు దగ్గరే నిలబడ్డాడు. ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. "ఏముండాది మేడమ్ సూసేదానికి? అంతా పాయ."

"మంట ఎప్పుడు ఆరింది?"

"శుక్రవారం సాయంత్రానికే. ఫైరింజను వచ్చె గదా."

"ఎన్ని ఇంజన్లు?"

"ఒగటే."

"ఇంటి దొడ్లో ఒక్క గడ్డివామి అంటుకుంటే ఎన్నాళ్లు కాలుతుందో రైతుబిడ్డలు, మీకు తెలియదా? పైకి ఆరినట్టుంటుంది. లోపల రాజుకుంటూనే ఉంటుంది. మూడు రోజులు మనుషులు కాచుకుని కూర్చుంటారు. రెండు వందల ట్రాక్టర్ల చొప్ప ఒక్క పూటలో ఆరిపోయిందా?"

ఆమె అతన్ని ఇనుప స్తంభాల దగ్గరకు తీసుకుపోయింది. గేటు వైపు స్తంభాలు వేడికి వంగి నల్లబడ్డాయి. మధ్య వరసలోని స్తంభం మీద ఆమె అరచేత్తో మసి తుడిచింది. కింద ఆకుపచ్చ రంగు చెక్కు చెదరకుండా బయటపడింది.

"శనివారం తహసీల్దారు వచ్చి ఈ చొప్పను తూకం వేస్తానన్నాడు. సర్కారు ధరకు పశువుల శిబిరానికి తోలుకుపోతానని నోటీసిచ్చాడు. శుక్రవారం మీ షెడ్డు కాలింది. బాగానే కుదిరింది."

"నేనే అగ్గి పెట్టుకున్న్యానంటారా?" భూపేష్ గొంతు లేచింది. "జనవరిలో ఈ చొప్పను అడిగే నాథుడు లేడు మేడమ్. మిషన్ పెట్టి గింజ తీసుకోని, చొప్పకు చేన్లోనే అగ్గి పెడ్తాండిరి. నేను పోయి కొన్న్యా. కట్టలు కట్టించినా, షెడ్డు ఏసినా, కావలి పెట్టినా. ఈ పొద్దు వానల్లేక ఊరూరా అల్లాడతాంటే, దాచినోడు దొంగంటాండారు. నేను దాచకపోయింటే ఈ పొద్దు అడిగేదానికన్నా ఉండునా?"

"అడిగితే ఇచ్చారా?"

"ధర చెప్పినా."

"ఏ ధర?"

"బజార్లో ఎంతుంటే అంత."

"చుట్టుపక్కల చొప్పంతా మీ షెడ్డులో ఉంటే ఇంక బజారంటే ఏది? మీరే గదా."

"చీమ గూడా దాస్తాది మేడమ్."

"చీమ అమ్ముకోదు."

అతను మొహం తిప్పుకున్నాడు. రోడ్డు మీద ఒక ముసలాయన రెండు ఎద్దులను సంతకు తోలుకుపోతున్నాడు. ఎద్దుల పక్కటెముకలు దూరం నుంచే కనిపిస్తున్నాయి. వాటిని కాడి కోసం ఎవరూ కొనరని ముగ్గురికీ తెలుసు. ముసలాయన షెడ్డు వైపు చూడనైనా చూడకుండా వెళ్లిపోయాడు.

"నేను చెప్పేది వినండి," అంది శివకుమారి. "ఇక్కడ కాలింది ముందున్న రెండు వరసలు మాత్రమే. గేటు దగ్గర నిలబడి చూసేవాడికి షెడ్డు నిండుగా కనిపించాలి, అంతే. వాటి వెనక ఏమీ లేదు. మీరు ఖాళీ షెడ్డుకు బీమా అడుగుతున్నారు."

"ఖాళీనా?"

భూపేష్ రెడ్డి చేతిగుడ్డ జారవిడిచి ఇంకా లోపలికి పరుగెత్తాడు. ఒక్కో స్తంభాన్నీ చేత్తో తుడిచాడు. ప్రతిచోటా ఆకుపచ్చ రంగే. షెడ్డు చివరిదాకా పోయి, అక్కడే బూడిదలో గొంతుక్కూర్చున్నాడు.

"శివరాత్రి నుంచి నేను లోపలికి రాలే మేడమ్. మదార్ సాబ్ ఉండాడు గదా అని... ఉత్త రేకులకు కావలి పెట్టుకున్న్యానా నేను? ముందే శిబిరానికి ఇచ్చేసింటే కొంతన్నా మిగులుండు గదా!"

"ఆ కావలాయన చచ్చిపోయాడు భూపేష్ గారూ."

"అవు, పాపం. ఇరవై ఏండ్లు మా కాడ ఉండె," అన్నాడు. మళ్లీ వెంటనే, "అంత చొప్ప యాటికి పోయినట్ల?" అన్నాడు.

అతను నటిస్తున్నాడా, నిజంగానే కుప్పకూలాడా అన్నది ఆమె తేల్చుకోలేకపోయింది. కానీ ఆ చివరి మాట విన్నాక నటన వైపే మొగ్గింది.

గేటు ముందు జీపు ఆగింది. సీఐ క్రాంతి కుమార్ దిగాడు. ఒకప్పుడు శిక్షణకు వచ్చి శివకుమారి దగ్గరే కేసు రాయడం నేర్చుకున్న కుర్రాడు. ఇప్పుడు కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"మేడమ్, ఇది హత్య కేసు. మీది బీమా కేసు. రెండూ కలపొద్దు."

"కలిసే ఉన్నాయి క్రాంతీ. ముందు తలుపుకు బయట తాళం వేసి ఉంది. తాళంచెవి మదార్ సాహెబ్ జేబులో దొరికిందని నువ్వే రాశావు. బయట తాళం వేసిన మనిషి లోపల ఎట్లా చనిపోయాడు?"

"అదే చూస్తున్నా."

"ఇటు రా."

షెడ్డు వెనక గోడలో ఒక రేకు మిగతావాటిలా లేదు. దాని బోల్టులు ఎవరో ఎప్పుడో ఊడదీశారు. తలుపులా తెరుచుకునేలా ఒక పక్క మాత్రం తీగతో కట్టారు. రెండో పక్కన, బయటి నుంచి, కట్టుతీగను ఇనుప కమ్మీకి చుట్టి గట్టిగా మెలేశారు. ఆ మెలి ఇంకా అలాగే ఉంది. రేకు ముందు నేలంతా ట్రాక్టరు చక్రాల జాడలు, ఒకదాని మీద ఒకటి.

"చొప్ప పోయిన దారి ఇదే," అంది శివకుమారి. "మదార్ సాహెబ్ లోపలికి పోయిందీ ఇటువైపు నుంచే. ఆ తర్వాత ఎవరో తీగ మెలేశారు."

క్రాంతి కుమార్ వంగి రేకును చూశాడు. నడుము ఎత్తున, తల ఎత్తున, రేకు బయటికి పొంగి ఉంది. లోపలి నుంచి గుద్దితే పడ్డ సొట్టలు. పొగకు ఊపిరాడక పోయిన మనిషి శవం దొరికింది సరిగ్గా ఆ రేకుకు లోపలి పక్కనే. సీఐ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కంబన్నే," అన్నాడు.

కంబన్న ఆ ఊరి రైతు. నెల రోజులుగా రోజూ గేటు ముందుకు వచ్చి, 'గొడ్లు చస్తాంటే చొప్ప దాచుకుంటావా, తగలబెడ్తా నీ షెడ్డు' అని పదిమందిలో కేకలేసిన మనిషి. ఊరంతా అతని వెనకే నిలబడింది. శవాన్ని పాతిపెట్టిన రోజు సాయంత్రమే అతన్ని పోలీసులు స్టేషన్‌కు తీసుకుపోయారు.

"కంబన్న కాదు," అంది శివకుమారి. "ఆలోచించు. షెడ్డు ఖాళీ అని తెలిసినవాడు, చొప్ప నింపుకున్నావని గేటు ముందు గొంతు చించుకుంటాడా? వెనక దారి ఎరిగినవాడికి ముందు గేటుతో పనేముంది? ఈ రేకు సంగతి తెలిసినవాడే హంతకుడు. అది సొంతదారుడికి తెలియకుండా జరగదు. దొంగతనంగా అమ్ముకున్నాడు, తూకం రోజు వచ్చేసరికి కాల్చేశాడు. చెప్పేస్తాడని కావలివాణ్ని లోపలేశాడు."

"భూపేష్ శుక్రవారం నంద్యాలలో ఆఫీసర్ల ముందు కూర్చున్నాడు."

"డబ్బున్నవాడు తీగ తన చేత్తోనే మెలేస్తాడా?"

క్రాంతి కుమార్ ఆమె వైపు తిరిగాడు. "ఊళ్లో గొడ్లన్నీ ఎముకల గూళ్లయినాయి మేడమ్. కంబన్న ఎద్దులను చూశారా? నున్నగా ఉన్నాయి."

"ఎద్దులు నున్నగా ఉంటే మనిషిని ఉరి తీస్తావా? శనివారం తెచ్చి కూర్చోబెట్టావు. ఈరోజు సోమవారం. అరెస్టు చూపించావా? మేజిస్ట్రేటు ముందు పెట్టావా? స్టేషన్ ముందు రైతులు కూర్చుని ఉన్నారు. నా రిపోర్టులో అది కూడా రాస్తాను."

"రాయండి. నా దగ్గర సాక్ష్యం లేదు, నిజమే. కానీ వాణ్ని చూస్తే నాకు..."

"చూస్తే అనిపించింది కేసు డైరీలో రాయకూడదని నీకు నేనే నేర్పాను."

అతని మొహం మాడిపోయింది. ఫోన్ తీసి స్టేషన్‌కు చేశాడు. "కంబన్నను పంపించేయండి," అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "మీ మాట మీద వదిలిపెడుతున్నా," అన్నాడు. విచారణ కోసం భూపేష్ రెడ్డిని జీపెక్కించుకుని వెళ్లిపోయాడు.

మదార్ సాహెబ్ ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. భర్త పోయిన మాబూబీ ఇద్దత్తులో కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు, పరాయి మగవాళ్ల ఎదుట పడకూడదు. అందుకే పోలీసులు ఆమెను ఏమీ అడగలేదు. గడప ముందు నిలబడి ఆమె తమ్ముడి చేత రెండు మాటలు చెప్పించుకుని పోయారు. శివకుమారి పరదా తప్పించి లోపలికి వెళ్లింది.

మాబూబీ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. పెరట్లో ఒక బర్రె నిలబడి ఉంది. దాని ముందు నాలుగు చొప్ప దంట్లు.

"శుక్రవారం ఏం జరిగిందమ్మా?"

"నీళ్లు పోసుకున్న్యాడు. తెల్ల చొక్కా ఏసుకున్న్యాడు. అత్తరు పూసుకున్న్యాడు."

"నమాజుకేనా?"

"ఊ."

"మరి మసీదుకు పోలేదేం?"

మాబూబీ పమిట కొంగును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

"వెనక రేకు సంగతి నీకు తెలుసు," అంది శివకుమారి మెల్లగా.

"ఆయప్ప దొంగ గాదు మేడమ్." ఆ మాట గబుక్కున వచ్చింది. "దొంగ అని రాయొద్దండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"రాయను. ఇదంతా భూపేష్ చేయించిన పని. సీఐ అతన్ని తీసుకుపోయాడు. ఏ పాపం ఎరగని కంబన్నను కూడా వదిలిపెట్టించాను. ఈపాటికి వచ్చేస్తుంటాడు."

మాబూబీ వేళ్లు ఆగిపోయాయి.

"ఇడిసిపెట్టిరా?"

"అవును."

"యా అల్లా." ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి మాటలు వచ్చాయి. "వాడు లోపల ఉండాడు గదా అనే ఈ రెండు దినాలూ ఊపిరి పీల్చినా మేడమ్."

శివకుమారికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆమె పక్కనే చాప మీద కూర్చుంది.

మాబూబీ చెప్పింది. మధ్యలో ఆగకుండా, గొంతు పెంచకుండా చెప్పింది.

"పక్కింటి గురమ్మ ఆవు లేవలేక పడిపోయింటే, ఆయప్ప సూడలేక ఒక కట్ట తెచ్చి ఏసినాడు. మళ్లొకరికి ఒక కట్ట. అంత చొప్ప లోపల మురుగుతాంటే బయట గొడ్లు చస్తాండాయి, నేను యాపారానికి గాదు మాబూ, చావుకు కావలి కాస్తాండా అనె. ఆ సంగతి కంబన్నకు తెలిసింది. సాబ్ మామా, నీకెందుకు మోత, నాకు ట్రాక్టరు ఉండాది, అక్కర ఉన్నోళ్లకు నేను చేరుస్తా అనె. ఈయప్ప నమ్మినాడు. వెనక రేకు ఊడదీసిచ్చినాడు. ముందు ముందు ఇంటికొక కట్ట వచ్చింది మేడమ్, అబద్ధం చెప్పగూడదు. ఆ మీదట ఎవురికీ రాల్యా. యాటికి పోతాందో ఆయప్పకు తెలీదు."

"ఎట్లా తెలిసింది?"

"మైదుకూరులో మా ఆడబిడ్డ ఇంటికి పోయినాడు. ఆడ సంత కాడ కంబన్న ట్రాక్టరు నిలబడుండాది. కట్ట ఇంత అని అరుస్తా అమ్ముతాండాడంట. భూపేష్ రెడ్డి చెప్పే ధర కంటే ఎక్కువ."

"గేటు ముందు రోజూ అరిచింది..."

"వాడే. పొద్దున ఈడ అరిచేది, మాపు ఆడ అమ్మేది. ఈయప్ప పోయి అడిగినాడు. కంబన్న నవ్వి, భూపేష్ దాచి అమ్మితే యాపారం, నేనమ్మితే దొంగతనమా సాబ్ మామా, నువ్వు ఊరికే ఇచ్చినావు, నేను ఊరికే తీసుకున్న్యా, ఇంక అది నాది అనె. అంతలో తూకం నోటీసు వచ్చింది. మిగిలిన కట్టలన్నా తెచ్చి ఎయ్యి, లేకుంటే తహసీల్దారుకు నేనే ఉన్నదంతా చెప్తా అని ఈయప్ప మొండికేసినాడు. సరే అనె కంబన్న. శుక్రవారం జుమ్మా నమాజు పొద్దుకు సందుల్లో ఎవురూ ఉండరు, నువ్వు లోపల ఉండు, వెనక నుంచి దించుతా అనె."

"నువ్వు చూశావా?"

"మజ్జిగ తీసుకోని షెడ్డు కాడికి పోతాంటి. ట్రాక్టరు వెనక పక్క ఉండాది. ట్రాలీ ఖాళీ. కంబన్న వంగి రేకుకు తీగ సుట్తాండాడు. పని అయిపాయ, ఆయప్ప మసీదుకు పోయినాడు అనుకోని ఇంటికి మళ్లుకున్న్యా. పొగ లేసింది. అందరూ షెడ్డు కాలతాంది అని ఉరికినారు. నేను మసీదు కాడికి ఉరికినా మేడమ్. షెడ్డు కాడికి గాదు. ఆయప్ప చెప్పులు యాడుండాయా అని మెట్ల కాడ దేవులాడతా ఉన్న్యా."

బయట ఎక్కడో తప్పెట మోగడం మొదలైంది.

"పోలీసులకు ఎందుకు చెప్పలేదు?"

"సమాధికి తీసుకోని పోయేటప్పుడు జనాజా వాడే మోసినాడు. ముందు భుజం వాడే పట్టినాడు. ఎత్తేటప్పుడు ఈ పరదా కాడ నిలబడి చెప్పినాడు. అక్కా, సాబ్ మామ మంచోడు అనే పేరుతో పోతాండాడు, ఆ పేరు నీ నోట్లో ఉండాది అని. ఊరంతా ఏడ్సింది మేడమ్ ఆయప్ప కోసరం. దొంగని తెలిస్తే ఆ సమాధి మీద ఉమ్మేస్తారు."

శివకుమారి ఫోన్ తీసింది. క్రాంతి కుమార్ రెండో మోతకే ఎత్తాడు.

"నువ్వు చెప్పిందే నిజం. కంబన్నే చేశాడు. వెంటనే రా."

"గంట కిందట వదిలాను మేడమ్. ఊరేగింపుగా తీసుకుపోయారు. ఇప్పుడు నేనొచ్చి మళ్లీ పట్టుకుంటే ఊరు తగలబడుతుంది. సాక్షి కావాలి. ఉందా?"

"ఉంది. చూసిన మనిషి నా ఎదురుగా ఉంది."

"ఫోన్ ఇవ్వండి. ఒక్క మాట చెప్పమనండి. చాలు."

తప్పెట సందులోకి వచ్చేసింది. చప్పట్లు, ఈలలు. 'దాచినోన్ని నిలదీసిన మొగోడు' అని ఎవరో అరిచారు. శివకుమారి ఫోన్‌ను మాబూబీ చెవి దగ్గర పెట్టింది. ఆమె చెయ్యి పట్టుకుంది.

అప్పుడే పరదా అవతల గొంతు వినిపించింది. మెత్తగా, దగ్గరగా.

"అక్కా. నేను కంబన్నను. వచ్చేసినా."

మాబూబీ శివకుమారి చేతిలోంచి తన చేతిని మెల్లగా తీసుకుంది. ఫోన్‌లోకి చెప్పింది.

"నేనేం సూడల్యా సార్. నేను ఇంట్లోనే ఉంటి."

అటువైపు క్రాంతి కుమార్ ఊపిరి వదలడం శివకుమారికి వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది.

"లోపల ఎవురున్నారక్కా?" కంబన్న అడిగాడు. తప్పెట ఆగింది.

"బీమా మేడమ్ ఉండాది తమ్ముడూ."

అడుగుల చప్పుడు పరదాకు ఇంకాస్త దగ్గరైంది.

"మేడమ్, మీరు లేకపోతే నేను బయటికి వచ్చేవాన్ని కాదంట. స్టేషన్‌లో చెప్పినారు. మీ మేలు సచ్చేదాకా మర్చిపోను." గొంతులో నిజంగానే కృతజ్ఞత ఉంది. "అక్కతో ఏం మాట్లాడతాండారు?"

"నష్టపరిహారం సంగతి. ఆమెకు ఏమైనా వస్తుందేమో చూస్తున్నాను," అంది శివకుమారి.

"సూడండి, సూడండి. పాపం, ఒంటి మనిషి." అతను గొంతు కొంచెం పెంచాడు. సందులో ఉన్నవాళ్లకు కూడా వినిపించాలని. "నువ్వేం దిగులు పెట్టుకోవాకక్కా. ఇద్దత్తు అయిందాంక బయటికి రాగూడదు గదా నువ్వు. నీకేం కావాలన్నా నేనే తెచ్చిస్తా. రోజూ వస్తా. బర్రెకు చొప్ప గూడా నేనే తెచ్చేస్తా."

బయట ఆడవాళ్లు అతన్ని దీవించారు. మాబూబీ తల వంచుకుని, పరదా వైపు చూడకుండా, "సరే తమ్ముడూ," అంది.

ఊరివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వాళ్ల మాటలు దూరమయ్యాయి. శివకుమారి లేచి నిలబడింది. ఎక్కడికి పోవాలో, ఏ అధికారంతో ఇక్కడ ఉండిపోవాలో ఆమెకు తోచలేదు. బీమా మనిషిగా తన పని ఆ షెడ్డు బూడిద దగ్గరే అయిపోయింది.

"పన్జూసుకోండి మేడమ్, తొందర్లేదు," అన్నాడు కంబన్న. "మీరు పోయిందాంక నేను ఈడనే కూసోనుంటా."

గడప ముందు అరుగు మీద అతను చతికిలబడిన చప్పుడు వినిపించింది.